ఎడమ భుజం మీదుగా

మా ఆయన నన్ను భోజనాల బల్ల దగ్గర వదిలేశాడు. అంటే ఆ వదిలేయడం కాదు, అంత ధైర్యం ఆయనకు లేదు. మిక్స్‌డ్ డబుల్స్‌లో జోడీగా వదిలేశాడు.

"నీది మూడు, నాది మూడున్నర. కలిపితే ఆరున్నర," అన్నాడు కంచంలో వేలితో గీతలు గీస్తూ. "లీగులో ఏడు దాకా ఆడనిస్తారు. మన దగ్గర అర వృథాగా పోతోంది."

"ఆ అర ఎక్కణ్ణించి తెస్తారు?" అన్నాను.

బల్లకి అవతల కూర్చున్న మా చెల్లి గ్లాసులోకి చూస్తోంది. ముందు ఆదివారమే క్లబ్బువాళ్లు ఆమెను మూడు నుంచి మూడున్నరకి ఎక్కించారు. ఆట మొదలుపెట్టి ఎనిమిది నెలలు. నేను మూడేళ్లుగా మూడులోనే ఉన్నాను.

"నువ్వు సరే అంటేనే ఆడతానని బావకి చెప్పానక్కా," అంది.

"ఓహో, అప్పుడే అడగడం, చెప్పడం కూడా అయిపోయాయా. నాకెందుకమ్మా అభ్యంతరం? లెక్క లెక్కే కదా," అన్నాను.

నా నోరు అలాంటిది. మనసులో ఉన్నది తప్ప అన్నీ అంటుంది. ఆ రాత్రి అన్నం సహించలేదన్న సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. ఇద్దరూ ఉప్పుడబ్బానీ రెండు చెంచాలనీ బల్ల మీద పెట్టుకుని, ఎవరు ఎక్కడ నిలబడాలో అప్పుడే చూసుకుంటున్నారు.

పికిల్‌బాల్ అనే ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. బ్యాడ్మింటన్ కోర్టంత చోటు, నడుమెత్తు నెట్, చిల్లులున్న ప్లాస్టిక్ బంతి, చపాతీ పీటంత బ్యాటు. నెట్‌కి రెండు పక్కలా ఏడడుగుల పట్టీ ఉంటుంది, దాన్ని కిచెన్ అంటారు. అందులో నిలబడి బంతిని గాలిలో కొట్టకూడదు. ఆడేవాళ్లందరికీ క్లబ్బు ఒక అంకె ఇస్తుంది. మూడు అంటే బంతిని అవతలికి పంపగలవాళ్లు. మూడున్నర అంటే ఎక్కడికి పంపాలో తెలిసినవాళ్లు. నాలుగు అంటే ఎవరి మీదికి పంపాలో తెలిసినవాళ్లు. ఇది క్లబ్బు పుస్తకంలో రాసిన మాట కాదు, మూడేళ్లు దెబ్బలు తిని నేను నేర్చుకున్నది.

మిక్స్‌డ్ డబుల్స్‌లో మర్యాద పైపైనే ఉంటుంది. ఆట మొదలయ్యేముందు నలుగురూ నవ్వుతూ బ్యాట్లు తాకించుకుంటారు. ఆ తర్వాత అవతలి జోడీలో ఎవరు బలహీనమో చూసుకుని, ప్రతి బంతీ ఆ మనిషికే వేస్తారు. సాధారణంగా ఆ మనిషి ఆడదే. పక్కన మగవాడు మూడొంతుల కోర్టు ఆక్రమించుకుని, "నేనున్నా, నేనున్నా," అని అరుస్తూ ఆమె బంతులు కూడా లాక్కుంటాడు. మా ఆయన నాతో ఆడిన మూడేళ్లూ అలాగే అరిచాడు. నేను కొట్టాల్సిన బంతి ఆయన కొట్టి తప్పిస్తే మాట్లాడేవాడు కాదు. నేను తప్పిస్తే, "పర్లేదు, పర్లేదు," అనేవాడు. ఆ "పర్లేదు" వింటే నాకు ఒళ్లు మండేది.

చెల్లి మా ఇంటికి వచ్చింది ఉద్యోగం కోసం. మా వీధి చివర రోడ్డు దాటితే పెద్ద గోడౌన్ ఉంది. అందులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంది. అట్టపెట్టెల దొంతరలు ఎత్తి, మూడో అంతస్తు అరల్లో పెట్టే బండి అది. మధ్య గదిలో మంచం వేసి ఇచ్చాం. పొద్దున ఆరింటికి ఆకుపచ్చ కోటు వేసుకుని వెళ్తుంటే ముచ్చటగా ఉండేది. చిన్నప్పటినుంచీ ఏదైనా నడపాలని దాని కోరిక. సైకిల్ కూడా తొక్కనిచ్చేది కాదు అమ్మ.

ఎందుకంటే దాని ఎడమ కన్ను పనిచేయదు. చూడ్డానికి తేడా తెలియదు, కుడి కన్నుతో పాటే తిరుగుతుంది, నవ్వుతుంది. కానీ దానికి వెలుగు, నీడ తప్ప ఇంకేం తెలియదు. నాకు పదకొండేళ్లు, దానికి ఏడేళ్లు ఉన్నప్పుడు తాడాట తాడు కోసం కొట్టుకున్నాం. నేను నా వైపు కొస వదిలేశాను. దానికి బిగించిన చెక్కపిడి వెళ్లి కంటికి తగిలింది. పొరపాటున జారింది కాదు, కోపంతోనే వదిలాను. అమ్మ పరుగెత్తుకొచ్చేసరికి నేను గోడకి ఆనుకుని బిగుసుకుపోయి ఉన్నాను. చెల్లి ఏడుస్తూనే, "తలుపు గొళ్లెం తగిలిందమ్మా," అంది. ఆ గొళ్లేన్ని మర్నాడు నాన్న పీకించేశాడు.

నేను పెరిగి కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్షించే పనిలో చేరాను. ఎందుకని ఎవరైనా అడిగితే నీడపట్టున పని అని చెప్పేదాన్ని. దానితో రోడ్డు మీద నడిస్తే ఇప్పటికీ దాని ఎడమవైపే నడుస్తాను. ఎవరో చెప్పింది కాదు, కాళ్లకి అలవాటైపోయింది.

ఆ గోడౌన్ డ్రైవర్లందరినీ ఏడాదికోసారి కంటి పరీక్షకి మా షాపుకే పంపుతారు. చెల్లి కాగితం పట్టుకుని వచ్చింది. చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టాను. ముందు కుడి కన్నుతో చదివించాలి. తర్వాత చార్టు తిప్పాలి, వెనకవైపు వేరే అక్షరాలు ఉంటాయి. అప్పుడు ఎడమ కన్నుతో చదివించాలి. ఒకసారి చదివింది గుర్తుపెట్టుకుని అప్పజెప్పకుండా ఉండడానికే ఈ తిప్పడం. ఆ రోజు నేను చార్టు తిప్పలేదు. కుడి కంటికి నల్ల మూత పెట్టాను. చెల్లి ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పింది. కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. దాని గురించి మేమిద్దరం అప్పుడూ మాట్లాడుకోలేదు, తర్వాతా మాట్లాడుకోలేదు.

అది ఎనిమిది నెలల్లో ఒక్క పెట్టెకి గీత పడనివ్వలేదు. పక్షిలా తల మొత్తం తిప్పి చూసుకుంటూ నడుపుతుందని గోడౌన్ మేనేజరే నాతో అన్నాడు. మెచ్చుకుంటూనే అన్నాడు.

ఆ మేనేజరే నన్ను ఆటకి పిలిచింది. డ్రైవర్ల కాగితాల కట్ట పట్టుకుని షాపుకి వచ్చి, పని అయ్యాక కూడా నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, మోకాలికి ఎప్పుడూ పట్టీ. క్లబ్బులో ఆయనది నాలుగు.

"మేడం, ఈ సీజన్ మీకు జోడీ లేదని విన్నాను."

"ఊరంతా విన్నట్టుంది."

"ఏడు తరగతిలో ఆడాలంటే నాకు మూడు కావాలి. మిగతా మూడులందర్నీ తీసేసుకున్నారు."

"అంటే మీకు నేను అక్కర్లేదు, నా మూడు కావాలి."

ఆయన నవ్వలేదు. "అవును మేడం," అన్నాడు. మూడేళ్లలో ఆ క్లబ్బులో నాతో నిజం చెప్పిన మొదటి మనిషి ఆయనే. ఒప్పుకున్నాను.

ఏడు తరగతిలో పది జోడీలు. ఎండాకాలం పది ఆదివారాలు, ఈతకొలను వెనక రేకుల షెడ్డులో, పొద్దున ఏడింటికే నెత్తి మాడిపోయే వేడిలో ఆడాం. అందరూ అందరితో ఒకసారి ఆడాలి, ఆఖరి ఆదివారం మొదటి రెండు జోడీలకి ఫైనల్.

మేనేజరు నాకు ఆట నేర్పలేదు, ఆపడం నేర్పాడు. "మీరు గెలిపించొద్దు మేడం. బంతి మీ మీదికే వస్తుంది, నూటికి తొంభై మీకే వేస్తారు. గట్టిగా కొట్టకండి. మెత్తగా నెట్ మీదుగా కిచెన్‌లో పడేయండి. వాళ్లకి విసుగొచ్చేదాకా పడేస్తూనే ఉండండి. విసుగొచ్చి ఎత్తుతారు. అప్పుడు నేనున్నాను." ఆయన "నేనున్నాను" అరుపు కాదు. ఆయన చోటు దాటి నా బంతి ఒక్కటి కూడా లాక్కోలేదు. ఆ పది వారాల్లో నా ఒళ్లంతా బంతి మచ్చలు పడ్డాయి, చిల్లుల అచ్చుతో సహా. అయినా మూడు వారాలు తిరిగేసరికి, నాకు వేసి వేసి అవతలివాళ్లే తప్పులు చేయడం మొదలుపెట్టారు. బలహీనమైనదాన్ని కొట్టి కొట్టి అలిసిపోవచ్చని అప్పుడే తెలిసింది.

ఇంట్లో మాత్రం ఏమీ మెత్తబడలేదు. సాయంత్రం నేను షాపు నుంచి వచ్చేసరికి ఇద్దరూ నడవాలో సుద్దముక్కతో గీతలు గీసుకుని చోట్లు మారడం సాధన చేస్తుండేవారు. మా ఆయనది ఎడమచేతి వాటం. ఆయన కుడివైపు, చెల్లి ఎడమవైపు నిలబడితే ఇద్దరి బలమైన చేతులూ మధ్యకే వస్తాయి. అందుకని స్కోరు ఎటు నిలబడమన్నా, సర్వీస్ అయిన మరుక్షణం ఇద్దరూ పరుగున చోట్లు మార్చుకుని అలాగే నిలబడేవాళ్లు. నాతో ఆడినప్పుడూ ఆయన ఇది పెట్టాలని చూశాడు, నేను ఎటు పోవాలో మర్చిపోయి ఆయన్ని గుద్దుకునేదాన్ని.

"మీ చెల్లికి ఒక్కసారి చెబితే చాలు," అనేవాడు నాతో. "ఎడమవైపు తప్ప నిలబడనంటుంది. ఎంత బుర్ర చూశావా?"

నేను చూశాను. ఎడమవైపు నిలబడితే దానికి ఎడమపక్క ఉండేది గీత ఒక్కటే. గీత బయట నుంచి ఏదీ రాదు. చూడాల్సినదంతా కుడివైపే. ఊరంతా అది మా ఆయన ఎడమచేతి కోసం అనుకుంటోంది. ఆ ఇంట్లో, ఆ క్లబ్బులో నిజం తెలిసినది నాకొక్కదానికే. చెల్లి సుద్దగీత మీద నిలబడి నావైపు తల మొత్తం తిప్పి ఒక చూపు చూసేది. భయంతో కాదు, నమ్మకంతో.

అయిదో ఆదివారం వాళ్లతో ఆడాం. పదకొండు-నాలుగుతో ఓడిపోయాం. చెల్లి ప్రతి బంతీ నాకే వేసింది. అది తప్పు కాదు, ఆట. ఇంటికొచ్చాక వేడినీళ్లు కాచి, నా భుజానికి గుడ్డతో కాపడం పెట్టింది.

"అక్కా, నీకో సంగతి చెప్పనా? కోపం వస్తే నువ్వు బంతి గట్టిగా కొడతావ్. నీకు ఎప్పుడు కోపం తెప్పించాలో నాకు తెలుసు కాబట్టి నేను గెలిచాను. అది ఒక్కటి ఆపుకో."

"నాకు చెప్పేస్తున్నావేం? ఫైనల్లో మళ్లీ మేమే రావచ్చు."

"రానీ. నువ్వు బాగా ఆడితే నాకు సంతోషం కాదా?"

పుండు మీద కారం చల్లినా అంత మండేది కాదు. నా మొగుడు, నా బల్ల, నా ఉప్పుడబ్బా, చివరికి నా కోపం కూడా దాని చేతిలో ఉన్నాయి. అవన్నీ అది మంచితనంతోనే తీసుకుంది. చెడ్డదైతే ఎంత బాగుండేదని ఆ రాత్రంతా అనుకున్నాను.

ఫైనల్లో మేమే వచ్చాం.

రేకుల షెడ్డు కింద బెంచీలన్నీ నిండిపోయాయి. భార్య ఒకవైపు, భర్త ఒకవైపు అంటే జనానికి వినోదమే కదా. "మేడం, ఇంటికెళ్లాక ఎవరు వండుతారు?" అని ఎవరో అరిచారు. "ఓడినవాళ్లు," అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మొదటి గేము వాళ్లది, రెండోది మాది. మూడో గేములో ఒక్కో పాయింటు ఒక్కో యుగంలా నడిచింది. చెల్లి నాకే వేస్తోంది, నేను కోపం మింగి మెత్తగా కిచెన్‌లో పడేస్తున్నాను. పదిహేను, ఇరవై బంతులు అలా మా అక్కాచెల్లెళ్ల మధ్యే తిరిగేవి. మగవాళ్లిద్దరూ పక్కన నిలబడి చూస్తున్నారు. ఒక క్షణం, నిజం చెప్పొద్దూ, నాకు హాయిగా అనిపించింది. చిన్నప్పుడు ఇద్దరం ఆడుకున్నట్టే ఉంది.

మేం ఎనిమిది, వాళ్లు ఏడు. నేను ఎత్తిన ఒక బంతి కాస్త పైకి లేచింది. చెల్లి అడుగు ముందుకేసి కొట్టింది. బంతి నా మెడ కింద ఎముకకి తగిలింది. ఆ చప్పుడు బెంచీల దాకా వినిపించింది. ఎనిమిది-ఎనిమిది.

"సారీ అక్కా," అంది చెల్లి చెయ్యెత్తి.

నొప్పి కాదు. ఆటలో బంతి తగలడం మామూలే. చెల్లి వెనక్కి తిరగ్గానే మా ఆయన బ్యాటు చాచాడు, అది తన బ్యాటుతో టక్కున తాకించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. మూడేళ్లలో నేను ఎంత మంచి పాయింటు కొట్టినా ఆయన నాకు బ్యాటు చాచలేదు. నాకు దక్కింది "పర్లేదు" ఒక్కటే.

తర్వాతి బంతితో సర్వీస్ మాకు వచ్చింది. ఈ ఆటలో సర్వీస్ చేసేవాళ్లకే పాయింటు, కాబట్టి స్కోరు మారలేదు. మేనేజరు చెయ్యెత్తి విరామం అడిగాడు. ఒక్క నిమిషం ఇస్తారు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "ఇంకా మెత్తగానే ఆడదాం మేడం. ఓపిక మనకే ఎక్కువ," అన్నాడు.

"ఆమె ఎడమ భుజం మీదుగా ఎత్తి వేయండి," అన్నాను.

"లాబా? ఆమె కాళ్లు చురుకు మేడం. వెనక్కెళ్లి తీసేస్తుంది."

"తీయలేదు."

"ఎందుకు?"

నేను ఎవరితో మాట్లాడుతున్నానో నాకు గుర్తుంది. ఆవేశంలో మర్చిపోయానని చెప్పుకోవచ్చు, చాలా రోజులు చెప్పుకున్నాను కూడా. మర్చిపోలేదు. ఎదురుగా ఉన్నది నా జోడీయే కాదు, దాని పై అధికారి కూడా. ఆయన చేతిలోని తువ్వాలు మీద గోడౌన్ పేరు అచ్చువేసి ఉంది. ఆ అక్షరాలు చదువుతూనే అన్నాను.

"ఆ వైపు దానికి కనిపించదు."

ఆయన తువ్వాలు మడత పెట్టాడు.

మొదటి లాబ్ చెల్లి ఎడమ చెవి పక్కనుంచి వెళ్లింది. అది కుడివైపు తిరిగి వెతికింది. బంతి దాని వెనక గీత లోపల పడి, రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. తొమ్మిది.

రెండోది ఇంకాస్త ఎత్తుగా వచ్చింది. ఈసారి అది ఊహించి వెనక్కి పరుగెత్తి, గాలిలోకి బ్యాటు ఊపింది. బంతికీ బ్యాటుకీ మధ్య మూరెడు దూరం ఉంది. బెంచీల మీద నవ్వులు మొదలయ్యాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. పది.

"ఏంటది? కళ్లు కనిపించట్లేదా?" అన్నాడు మా ఆయన.

మామూలుగా అందరూ అనే మాటే. ఆయనకేం తెలుసు? చెల్లి తల మొత్తం తిప్పి నెట్ మీదుగా నన్ను చూసింది. ఎంతోసేపు కాదు. బొట్టుబొట్టుగా చెమట కారుతున్న దాని మొహంలో కోపం కోసం వెతికాను. కోపం ఉంటే నాకు తేలికయ్యేది. చీకటి గదిలో అక్షరాలు అప్పజెప్పినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, తప్పు పోకూడదన్న శ్రద్ధతో.

మూడో లాబ్‌కి అది కదలనే లేదు. బంతి ఎటునుంచి వెళ్తుందో తెలిసినట్టు, నెట్ దగ్గర నిలబడి నన్నే చూస్తూ ఉండిపోయింది. పదకొండు.

మేనేజరు నాతో బ్యాటు తాకించాడు. ఆ టక్ అన్న చప్పుడు కోసమే కదా ఇదంతా. నెట్ దగ్గర నలుగురం చేతులు కలుపుకున్నాం. చెల్లి చెయ్యి చల్లగా ఉంది.

"బాగా ఆడావక్కా," అంది.

మర్నాడు మధ్యాహ్నం మేనేజరు షాపుకి వచ్చాడు. ఈసారి కాగితాల కట్ట లేదు. పొద్దున్నే చెల్లిని బండి దింపి, వేరే చోట పరీక్ష చేయించాడట.

"ఎడమ కన్ను బొత్తిగా లేదు మేడం. రెండు టన్నుల బండి అది. కింద మనుషులు తిరుగుతుంటారు. తెలిశాక ఊరుకోలేను."

"అవును," అన్నాను.

"ఆమెను అడిగాను. మీ అక్కే కదా సంతకం పెట్టింది, చార్టు తిప్పలేదా అని. తిప్పిందన్నది. తనే అంతకుముందు షాపుకి వచ్చినప్పుడల్లా చూసుకుని, రెండువైపులా బట్టీ పట్టిందట. మీకు తెలియదట."

ఆయన నా బల్ల మీద ఉన్న నల్ల మూతని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"మరి నిన్న కోర్టులో ఆ మాట మీరెలా చెప్పారని అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నిన్న పొద్దున్నే, మ్యాచ్‌కి బయల్దేరే ముందు, అక్కకి మొదటిసారి చెప్పుకున్నానంది. నిజమేనా మేడం?"

కిందపడకముందే బంతిని కొట్టడం దానికి బాగా వచ్చు. ఆ జవాబు కూడా అలాగే కొట్టింది. నేను చేయాల్సిందల్లా ఒక్క మాట అనడం. అంటే నా ఉద్యోగం ఉంటుంది. అనకపోతే చార్టు తిప్పనందుకు నన్ను కూడా కుర్చీలోంచి లేపుతారు. ఎంతసేపు ఆలోచించానో తెలియదు. ఎక్కువసేపు కాదని మాత్రం తెలుసు.

"నిజమే," అన్నాను.

ఆయన మూత కింద పెట్టాడు. "అంటే, చెల్లెలు నమ్మి చెప్పుకుంటే గంటలో తెచ్చి నాకు అప్పజెప్పారన్నమాట." గుమ్మం వైపు తిరుగుతూ, "ఆటకి మంచిదే," అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి, మోకాలి పట్టీ సర్దుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

చెల్లిని పెట్టెలకి టేపు అంటించే పనికి మార్చారు. రెండు రోజులు చేసింది. మూడో రోజు ఆకుపచ్చ కోటు ఉతికి, మడతపెట్టి ఇచ్చేసి వచ్చింది.

మా ఆయన విషయం తెలిసి చాలా బాధపడ్డాడు. "ముందే చెప్పి ఉంటే వెనక పడే బంతులన్నీ నేనే చూసుకునేవాణ్ని కదా," అన్నాడు. ఆయన బాధ అంతవరకే. "అసలు ఎలా పోయింది కన్ను?" అని అడిగాడు. "చిన్నప్పుడు తలుపు గొళ్లెం తగిలింది బావా," అంది చెల్లి, బల్ల తుడుస్తూ. నేను అక్కడే ఉన్నాను. గిన్నె చేతిలో పట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను.

బుధవారం క్లబ్బు బోర్డు మీద కొత్త అంకెలు పెట్టారు. నన్ను మూడున్నరకి ఎక్కించారు. మూడున్నరా, నాలుగూ కలిపితే ఏడున్నర, కాబట్టి మేనేజరుతో ఇక ఆడే వీల్లేదు. ఆయన అడిగేవాడూ కాదు. మా ఆయన బోర్డు చూసి వచ్చి, "మనిద్దరం ఇప్పుడు సరిగ్గా ఏడు," అన్నాడు సంతోషంగా. నేను వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చాను. దానికోసం ఏడ్చానో నాకోసం ఏడ్చానో విడదీయలేను, రెండూ ఉన్నాయి.

శనివారం పొద్దున చెల్లి బ్యాగు సర్దుకుంటుంటే మధ్య గది గుమ్మంలో నిలబడ్డాను. వేరే ఊళ్లో స్నేహితురాలి ఇంటికి వెళ్తానంది. అక్కడ ఏం పని చేస్తావని అడగడానికి నాకు నోరు రాలేదు.

"స్కోరు ఎంత దగ్గర చెప్పావక్కా?" అంది బట్టలు మడతపెడుతూ.

ఏమిటని అడగక్కర్లేదు. "ఎనిమిది-ఎనిమిది దగ్గర."

"మూడో గేము దాకా ఆగావా?" బ్యాగు గొలుసు లాగింది. "నేనైతే మొదటి పాయింటుకే చెప్పేసేదాన్ని."

అబద్ధం. ఇరవై నాలుగేళ్లుగా చెప్పలేదు అది. అమ్మ అడిగితే చెప్పలేదు, డాక్టరు అడిగితే చెప్పలేదు, మొన్న నా మొగుడు అడిగినా చెప్పలేదు. అది చెప్పి ఉంటే నేను ఎప్పుడో ఒకరోజు దెబ్బలు తిని, ఏడ్చి, అంతటితో బాగుపడి ఉండేదాన్నేమో. ఆ మాట అనాలనిపించింది. కానీ అది కూడా దాని మీదికి వేసే బంతే కదా అని ఊరుకున్నాను.

బస్టాపు దాకా వస్తానన్నాను. వద్దనలేదు. గేటు దాటగానే కాళ్ల అలవాటు కొద్దీ దాని ఎడమవైపుకి వెళ్లాను. లారీలు అటునుంచే వస్తాయి. నాలుగు అడుగులు వేశాక చెల్లి ఆగింది. బ్యాగు కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుని, ఖాళీ అయిన కుడిచెయ్యి చూపించింది.

"ఇటు రా అక్కా," అంది నెమ్మదిగా. "ఇకమీదట నువ్వు నాకు కనిపించేవైపే నడువు."

నేను కుడివైపుకి మారాను. బస్టాపు ఇంకా చాలా దూరం ఉంది.